ఇంకను రానిదానిని గూర్చిన వాదము

1994వ సంవత్సరమున అమెరికాలో ఆండ్రూ షుల్మన్ అను రచయిత మైక్రోసాఫ్ట్ కంపెనీవారి విండోస్ 95 అను ఆపరేటింగ్ సిస్టమును గూర్చి విమర్శగ్రంథ మొకటి ప్రకటించెను. అందలి వింత యేమనగా, ఆ సిస్టము అప్పటికి విపణిలోనికి రానేలేదు; అది వచ్చినది 1995 ఆగస్టు 24వ తేదీన. మన దేశమున సూత్రములు ముందు పుట్టి, వృత్తులును భాష్యములును టీకలును తరువాత పుట్టుట ఆచారము. సూత్రకారుడు ఇంకను గంటము దింపకమునుపే భాష్యకారుడు ఖండనమునకు పూనుకొనుటను నే నెచ్చటను చదువలేదు. అయినను ఆ గ్రంథము వ్యర్థప్రలాపము కాదు. పరీక్షార్థము ముందుగా కొందరికి పంపిన బీటా ప్రతులను విప్పి, లోపలి యంత్రభాషను పంక్తి వెంట పంక్తిగ శోధించి, ఈ నూతన సిస్టము డాసు అను పాత సిస్టమును విడిచినదని చెప్పుకొనుచున్నారే గాని డాసు దానియందు ఇంకను ఊపిరితోనే యున్నదని ఆయన వాదించెను.

ఈ వింత నాకొక సంశయమును పుట్టించినది. ఉన్న వస్తువును గూర్చి ఇద్దరు వివాదపడినచో వస్తువు నెదుట బెట్టి నిర్ణయింపవచ్చును. గతించినదానిని గూర్చి వివాదపడినచో సాక్షులను, శాసనములను విచారింపవచ్చును. ఇంకను పుట్టని వస్తువు మంచిదా చెడ్డదా, వేగవంతమా మందమా, స్వతంత్రమా పరతంత్రమా యని యేండ్ల తరబడి పత్రికలలోను సభలలోను కార్యాలయములలోను కంఠములు బొంగురుపోవునట్లు వాదించువారికి వాదవిషయ మేది? లేనిదానికి గుణములు లేవు. గుణములు లేనిదానియందు సత్యాసత్యవిచారము పొసగదు. అట్లని వారందరు పిచ్చివారని త్రోసిపుచ్చుట తేలికయే గాని, అది విచారము కాదు, విచారమును తప్పించుకొనుట. కల్కి యవతారమును గూర్చియు, రానున్న సత్యయుగమును గూర్చియు, పరలోకమును గూర్చియు మానవులు చేసిన వాదములన్నియు ఈ కోవలోనివే యగుటచేత, కంప్యూటరు విషయమున మనము చెప్పుకొను సమాధానము మతవిషయమునకును కొంత వర్తింపక తప్పదు.

ఈ చిక్కును నిదానముగ విప్పిచూచినవారు నైయాయికులు. తర్కసంగ్రహకర్త యైన అన్నంభట్టు మనవాడే. కృష్ణాతీరమందలి గరికపాడు ఆయన స్వగ్రామమని చెప్పుదురు. సంస్కృత పాఠశాలలో తర్కమునకు కూర్చున్న బాలుడు మొట్టమొదట చేతబట్టునది ఆ చిన్న పుస్తకమే. అందు లేమి కూడ ద్రవ్యగుణాదులవలె లెక్కింపదగిన పదార్థముగ ఏడవ స్థానమున నిలుపబడినది. అది నాలుగు విధములు. కుండ పుట్టుటకు ముందు దాని కారణమగు మంటియందున్న కుండలేమి ప్రాగభావము. దానికి మొదలు లేదు, తుది కలదు, కుండ పుట్టినంతనే అది నశించును. కుండ పగిలిన పిదప నుండు లేమి ప్రధ్వంసాభావము. దానికి మొదలు కలదు, తుది లేదు. మూడుకాలములయందును లేకపోవుట అత్యంతాభావము. ఇది అది కాకపోవుట అన్యోన్యాభావము. లేమి దేనిదో ఆ వస్తువునకు ప్రతియోగి యని పేరు. ప్రతియోగి నెరుగనివానికి దాని లేమియు తెలియదని వారి సిద్ధాంతము. కుండ యనగా నేమో తెలియనివాడు ఇచ్చట కుండ లేదని చెప్పజాలడు గదా.

నేను చెప్పదలచినదంతయు ఈ చివరి మాటపై ఆధారపడియున్నది. మంటియందు ఇంకను కుండ లేదనువాడు మునుపు పది కుండలను చూచినవాడు. రానున్న కుండయు వాని యెరుకలోని కుండలవంటిదే. నూతనమైన ఆపరేటింగ్ సిస్టమునకు నిరీక్షించువాడు మాత్రము దానివంటిదానిని చూచియుండలేదు; చూచియున్నచో అది నూతనము కాదు. కావున వాడు తన యెరుకలోనున్న పాతవానినుండి, అంతకంటె మిక్కిలిగ పాతవాని లోపములనుండి, తనకొక ప్రతియోగిని కల్పించుకొనును. అందరి నోటను పేరొక్కటియే. ఎవరి లేమి వారిది. ఆ వాదములు తెగకపోవుటకు వాదుల మూర్ఖత కారణము కాదు. వారు ఒకే వస్తువును గూర్చి వాదించుచున్నారని వారును, చూచుచున్న మనమును అనుకొనుటయే కారణము.

విండోస్ 95 గర్భస్థమై యున్నప్పటి పేరు షికాగో. 1994లోనే రాగలదనుకొన్న ఆ సిస్టము మరుసటి యేటికి జరుగగా, జరిగినకొలది వాదములు ముదిరినవి. 1984 నుండి మౌసుతోను, తెరమీది బొమ్మలతోను పనిచేయుచున్న మాకింటోష్ వాడుకరికి షికాగో యనగా తన యింట పదియేండ్లుగ నున్నదానికి ఆలస్యముగ పుట్టిన అనుకరణము. ఐబీఎమ్ వారి ఓఎస్/2 పక్షమువానికి, 1992లోనే 32 బిట్ల కూర్పును, 1994 అక్టోబరున వార్ప్ అను పేర మరియొక కూర్పును చూచినవానికి, ఒక ప్రోగ్రాము కూలినను తక్కినవి చెక్కుచెదరకుండుటయే ముఖ్యము. షికాగోయందు ఆ గుణమెంత పాలు కలదని వాడు తరచి తరచి యడుగును. విండోస్ 3.1తో లెక్కలు వ్రాసుకొను చిన్న గుమాస్తా సంగతి వేరు. జనవరి జీతముల పట్టికకు పేరు పెట్టవలసివచ్చినప్పుడెల్ల ఎనిమిది అక్షరములలో నెల, సంవత్సరము, విషయము ఇరికించి, చుక్క పెట్టి, మరి మూడక్షరములు చేర్చి, ఆరు నెలల పిమ్మట తాను పెట్టిన పేరు తనకే అర్థముగాక ఫైలు వెంట ఫైలు తెరచి చూచుకొను ఆ మనుష్యునికి, 255 అక్షరముల వరకు పేరు పెట్టుకొనవచ్చునను నొక్క మాటయే షికాగో. యంత్రమున 4 మెగాబైట్ల మెమరీ మాత్రమే యున్నవానికి తత్త్వమంతయు ఆ నాలుగు చాలునా, ఎనిమిది కావలెనా యన్నంతలో నున్నది. చాలునని కంపెనీవారును, చాలదని వాడి చూచినవారును చెప్పుచుండిరి. ఈ నలుగురిని ఒక్కచోట కూర్చుండబెట్టి తీర్పు చెప్పుమనిన ఎవడు చెప్పగలడు?

షుల్మన్ లేవనెత్తిన ప్రశ్న మాత్రము ఈ లోటుల చిట్టాకు పైమెట్టుననున్నది. కనబడుచున్న కిటికీల క్రింద అధిష్ఠానముగ నున్నదేది, పైరూపము మారినప్పుడు లోపలి సత్త మారినదా యని ఆయన యడిగినట్లే నాకు తోచును. యంత్రము మేలుకొనునప్పుడు మాత్రము డాసు పనిచేసి, పిదప 32 బిట్ల భాగమునకు అధికారము నప్పగించి తాను తప్పుకొనునని ఒక పక్షము. అప్పగించిన పిమ్మటను పైవారు అనేక కార్యములకు క్రిందివానిని పిలుచుచునే యున్నారని రెండవ పక్షము. సిస్టము వచ్చినది. వచ్చినపిదప తెలిసినదేమనగా, అందు ఎమ్‌ఎస్‌డాస్ డాట్ సిస్ అను చిన్న పాఠ్యఫైలు కలదు. అందు బూట్‌జీయూఐ అను మాట ప్రక్కన 1 అను అంకె కలదు. ఆ యొకటిని తుడిచి సున్న పెట్టి యంత్రమును మరల వెలిగించినచో, మేఘముల బొమ్మయు లేక, కిటికీలును లేక, నల్లని తెరమీద సీ యను అక్షరమును మినుకుమినుకుమను గీతయు మాత్రము నిలుచును. అధిష్ఠానము దొరికినదని షుల్మన్ పక్షమువారు సంతసించిరి. ఆరంభదశను ఆరంభమున నాపితిరి, అంతకంటె నిరూపించిన దేమున్నదని ఎదుటి పక్షమువారు నవ్విరి. ఎదుటనున్నది ఒక్క తెర, ఇరువురికిని ప్రత్యక్షమే, అయినను వాదము తెగలేదు. వస్తువు వచ్చినంతనే ప్రాగభావము నశింపవలె ననుట శాస్త్రము. షుల్మన్ పక్షమువాని ప్రతియోగి వచ్చిన వస్తువు కాదు, డాసు లేని సిస్టము. అది రాలేదు గనుక వాని లేమి యట్లే నిలిచినది. డాసు లేని విండోస్ 1993లోనే ఎన్‌టీ యను పేర లోకమున నున్నది గాని, అది యడుగు మెమరీ గృహస్థుల యంత్రములకు లేదు. ఆ వంశము సామాన్యుల యిండ్లకు చేరినది 2001లో ఎక్స్‌పీ రూపమున.

ఇచ్చట మరియొక చిన్న చమత్కారము కలదు. విండోస్ 95 నిర్మాణము ముగిసి ప్రతులు తీయుటకు పంపబడినది 1995 జూలై 14వ తేదీన. అమ్మకము ఆగస్టు 24న. ఈ నడుమ నలుబది దినములు కుండ తయారై ఆవమునుండి దిగినట్లే. ఇక దానికి ప్రాగభావము లేదు. అయినను లోకమునకు నిరీక్షణము తీరలేదు. ఆ లేమి కాలమునకు సంబంధించినది కాదు, చోటునకు సంబంధించినది: కుండ కుమ్మరి యింట నున్నది, మన పెరట లేదు. దానిని గూర్చి అడుగదగిన ప్రశ్నలన్నిటికి అప్పటికే ఉత్తరములు స్థిరపడియుండెను; మార్చుటకేమియు మిగులలేదు. మరి ఆ దినములలో నడచిన వాదములకు విషయమేది? నా యూహలో, ఆనాటికి వాదించుటయే వారికి రుచియైనది. ఆగస్టు 24 రాగానే న్యూజిలాండు మొదలుగ నర్ధరాత్రి దుకాణములు తెరచిరి. లండనులో టైమ్స్ పత్రిక ఆనాటి సంచికను కంపెనీ సొమ్ముతో ఉచితముగ పంచిరి. న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ భవనమునకు కంపెనీ రంగుల దీపములు పెట్టిరి. ఉత్సవవిగ్రహము ఊరేగుటకు ముందే వీధులు నిండిపోవుట మనకు క్రొత్త కాదు గనుక నేను దీనిని వెక్కిరింపను.

వచ్చినదాని సంగతి ఇట్లుండగా, రానిదాని సంగతి మరింత చిక్కు. ఆపిల్ కంపెనీ 1994లో కోప్లండ్ అను సిస్టమును ప్రకటించెను; ఆరన్ కోప్లండ్ అను అమెరికా సంగీతకర్త పేరది. నాటి మాకింటోష్‌యందు ఒక ప్రోగ్రాము తప్పుటడుగు వేసినచో యంత్రమంతయు స్తంభించి, తెల్లని పెట్టెలో చిన్న బాంబు బొమ్మ కనబడెడిది. వ్రాసుకొన్నది భద్రపరచుకొననివానికి ఆ బొమ్మయే దినాంతము. కోప్లండ్ వచ్చిన ఆ బొమ్మ యిక తఱచు కనబడదని ఆశ. దానిని గూర్చి పుస్తకమును వెలువడినది. అంతటితో నాగక, కోప్లండునకు తరువాత రాదగిన సిస్టమునకు సైతము గెర్ష్విన్ అని మరియొక సంగీతకర్త పేరు పెట్టిరి. వేదాంతులు అసంభవమునకు వంధ్యాపుత్రుని దృష్టాంతము చెప్పుదురు. ఇక్కడ వంధ్యాపుత్రుని కొడుకునకు కూడ నామకరణము జరిగినది. 1996 ఆగస్టున, గిల్ అమీలియో అధ్యక్షుడుగ నుండగా, ఎలెన్ హాన్‌కాక్ సలహాపై కోప్లండును విరమించిరి. డిసెంబరున నెక్స్‌ట్ అను వేరొక కంపెనీని దాని సిస్టముతోను, దాని స్థాపకుడైన స్టీవ్ జాబ్స్‌తోను కొనిరి. కోప్లండునకై అట్టిపెట్టిన మ్యాక్ ఓఎస్ 8 అను పేరు 1997 జూలైలో పాత సిస్టమునే కొంత సవరించి తెచ్చిన కూర్పునకు దక్కినది. పేరు వచ్చినది, వస్తువు రాలేదు.

రెండేండ్లు కోప్లండునకు నిరీక్షించినవారు దేనికి నిరీక్షించిరి? ప్రాగభావమునకు తుది యుండవలెను. ప్రతియోగి పుట్టుటయే దాని తుది. కోప్లండ్ పుట్టలేదు, కావున దానికి ప్రాగభావమే లేదు, ఉన్నది అత్యంతాభావము. మరి 1995లో వారు అనుభవించినది ప్రాగభావము కాదా? కాదనియే శాస్త్రము చెప్పును. కాని కాదని 1996లోగాని ఎవరికిని తెలియలేదు. అనగా ఇంకను రాలేదు అను మాట ఎదురుచూచుచున్నవాని నోట నిశ్చయజ్ఞానము కాజాలదు. వస్తువు వచ్చినపిదప వెనుకకు తిరిగిచూచి, అప్పుడున్నది ప్రాగభావమని చెప్పవచ్చును. రానేరాదని తేలినపిదప, అప్పుడున్నది అత్యంతాభావమని చెప్పవచ్చును. నడుమనున్నంతకాలము ఈ రెంటిని వేరుచేయు గురుతు ఎదురుచూచువాని అనుభవమునందెచ్చటను లేదు. షికాగోకు కాచుకొన్నవాని యెదలో నేమున్నదో కోప్లండునకు కాచుకొన్నవాని యెదలోను అదియే యున్నది. నవ్యనైయాయికులలో కొందరు ప్రాగభావమును ప్రత్యేక పదార్థముగ నంగీకరింపకపోవుటకు వారి కారణములు వారికి గలవు; నాకు మాత్రము ఈ యొక్క కారణమే చాలుననిపించును.

ఇక కోప్లండ్ విరమించిన వార్త విని విచారపడినవారు కలరు. వస్తువు పుట్టి నశింపలేదు గనుక ఆ శోకమునకు ప్రధ్వంసమును విషయము కాదు. అయినను శోకము బూటకము కాదు. ఇచ్ఛ ఆత్మయొక్క గుణమని నైయాయికుల మతము. గుణము సత్యమైనది, పుట్టునది, నశించునది. ఆ రెండేండ్ల ఇచ్ఛ వారియందు నిజముగ పుట్టినది, నిజముగ నశించినది. వారు కోప్లండునకై యేడ్చుచున్నామనుకొనిరి గాని, తమలోనే గతించిన యొకదానికై యేడ్చిరి. అట్లేడ్చుటకు వారికి పూర్తి హక్కు కలదు.

మతవిషయమునకు వత్తము. శబరి నిదర్శనమును నే నిచ్చట తేను. ఆమెకు రామునిగూర్చి ఎవరితోను వాదము లేదు. వాదముగల నిరీక్షణ మేదియనిన, మన సీమలో పోతులూరి వీరబ్రహ్మముగారు తాను వీరభోగవసంతరాయలై మరల వత్తునని చెప్పిన మాట. రానున్నవాడు తెలియబడుటకై ఆయన కాలజ్ఞానము గురుతులు పెట్టినది. కల్కికి భాగవతము శంబలగ్రామమును, విష్ణుయశుడను తండ్రిని, గుఱ్ఱమును సైతము చెప్పినది. ప్రతియోగి లక్షణములను ఇంత సూక్ష్మముగ నిర్ణయించి యిచ్చుట, ఎవనికి వాడు తన లోటునుబట్టి వేరొక కల్కిని కల్పించుకొనకుండుటకే యని నాకు తోచును. అయినను కల్పించుకొనక మానలేదు. కాలజ్ఞానమును చేతబట్టిన తరము తరమును, తన కండ్లయెదుటి కొత్త వస్తువును, కొత్త దొరను, కొత్త రోగమును ఆ గురుతులలో నిమిడ్చి చదువుచునే వచ్చినది. పన్నులు మోయలేనివానికి వసంతరాయలు పన్నులు లేని ప్రభువు. కులముచే నణగినవానికి కులములు లేని రాజు. వీరిద్దరు వాదించుకొన్నప్పుడు వసంతరాయలను గూర్చి మనకేమియు తెలియదు గాని, వారి గ్రామమును గూర్చి చాల తెలియును. భక్తుడు వచ్చును అని పలుకుట లేమినిగూర్చిన జ్ఞానము కాదు, శ్రద్ధ. శ్రద్ధకు ప్రమాణమడుగుట ఎంత అనుచితమో, శ్రద్ధను ప్రమాణముగ జూపి ఎదుటివానిని ఓడింపబూనుటయు నంత అనుచితము.

ప్రతియోగి యందరికి నొక్కటియే యైనచోట వాదమెట్లు సన్నగిల్లునో తెలుగువారి అనుభవమున నొకటి కలదు. విండోస్ 95 నాటికి తెలుగులిపికి యూనికోడ్‌లో స్థానము ఏర్పడియే యున్నది. సిస్టములో మాత్రము లేదు. ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను, తలకట్లను, ఒత్తులను అమర్చిన ఫాంటులతో వ్రాయుచుండిరి. ఒకరు వ్రాసినది ఆ ఫాంటు లేని మరియొకరి యంత్రమున తెరచినచో ఇంగ్లీషు అక్షరములును గురుతులును కలిసిన యేదో భాష కనబడెడిది. 2001లో ఎక్స్‌పీ వచ్చినప్పుడు దానితో గౌతమి యను తెలుగు ఫాంటు వచ్చినది. కంట్రోల్ ప్యానెలులో భాషల పుటకు పోయి, సంక్లిష్టలిపుల కెదురుగనున్న చిన్న చదరమున గురుతు పెట్టి, అది సీడీ పెట్టుమనగా పెట్టి, యంత్రమును మరల వెలిగించి క్ష్మ యని కొట్టి చూచినచో, ఒత్తు ఒత్తు స్థానమున నిలిచినది. ఆ ఫాంటు అందముగ నున్నదా లేదా యని పిమ్మట వాదించినవారు ఉన్నదానిని గూర్చి వాదించిరి. రాకమునుపు మాత్రము, రావలసిన దేమో తెలుగు చదువనేర్చిన ప్రతివానికిని తెలియును. దానికై అర్ధరాత్రి దుకాణములు తెరువవలసిన పని యెవరికిని కలుగలేదు.

2015లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి యొకరు ఒక సభలో విండోస్ 10 యే కడపటి విండోస్ అని చెప్పినప్పుడు, ఈ నిరీక్షణలన్నియు ముగిసినవని చాలమంది నమ్మిరి. 2021 జూన్ 24న విండోస్ 11 ప్రకటింపబడినది. అక్టోబరు 5న వచ్చినది. ఈసారి వాదము దిక్కు మార్చుకొనినది. దానికి టీపీఎమ్ 2.0 అను రక్షణచిప్పును, కొలది యేండ్లలోపల చేసిన ప్రాసెసరును ఉండవలెనని నియమము పెట్టగా, కొత్తదానియందు ఏమి యున్నదను విచారము వెనుకబడి, నా యంత్రము దానికి అధికారియా యను విచారము ముందునకు వచ్చినది. బ్రహ్మజిజ్ఞాసకు అధికారి యెవడని వేదాంతులు గ్రంథారంభముననే విచారింతురు. అక్కడ అనధికారికి సాధన చెప్పబడినది. ఇక్కడ చెప్పబడిన సాధన వేరొక కంప్యూటరును కొనుట.

రాకడ తేదీలు ఏటేట జరుగుట మనము చూచితిమి. గడువు తేదీ మాత్రము జరుగలేదు. విండోస్ 10 గృహస్థుల కూర్పునకు మామూలు రక్షణ 2025 అక్టోబరు 14తో ముగియునని మునుపే చెప్పిరి, ఆ దినముననే ముగిసినది. మరునాడు ఉదయమున ఆ యంత్రములు నిన్నటివలెనే వెలిగినవి. ఉత్తరములు వ్రాసినవి, లెక్కలు కట్టినవి. పగిలిన దేదియు లేదు గనుక ఇది ప్రధ్వంసమనిన నైయాయికుడు ఒప్పుకొనడు. అతడు దీనికి విశిష్టాభావమని పేరు పెట్టును: కర్ర పట్టిన మనుష్యుడిచ్చట లేడనుటకు మనుష్యుడు లేకపోనక్కరలేదు, చేతిలో కర్ర లేకున్న చాలును. పోయినది రక్షింపబడుచున్న అను విశేషణ మొక్కటియే. విశేష్యము నీ బల్లమీదనే యున్నది. ఆ విశేషణమును తీసివేయుటకు అధికారమెవరిది, తీసివేయుటవలన పారవేయబడు యంత్రముల భారమెవరిది యన్నచో, తర్కసంగ్రహము చేతులు ముడుచుకొనును. అది ధర్మశాస్త్రములవారు పూనుకొని తేల్చవలసిన సంగతి, వారింకను పూనుకొనలేదు.